చెమట పట్టని ఒళ్ళు

మంగు మనిషిని మొహం చూసి అంచనా వేయదు, వీపు చూసి వేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు జనం బీడీల తునికాకు మోపులతో అడవి దిగి వస్తుంటే మా కొట్టు ముందు నిలబడి ఒక్కొక్కరి వీపూ చూసేది. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటే వాడు పని చేసినట్టు. పొడిగా ఉంటే ఏ చెట్టు నీడనో కునుకు తీసి వచ్చినట్టు. ఇక ఆ మాటకి తిరుగులేదు. మా ఆయన ధర్మయ్యని కూడా వదిలేది కాదు. గల్లాపెట్టె ముందు ఫ్యాను కింద కూర్చున్న ఆయన్ని చూపించి, సావుకారు చొక్కా ఉతికే పనే లేదు గదా నీకు, అని నన్ను ఆట పట్టించేది. నేనూ నవ్వేదాన్ని. ఆయన విషయంలో ఆ కొలత తప్పని నేనెప్పుడూ వాదించలేదు.

మాది రాష్ట్రం సరిహద్దులో ఉన్న మరైగూడ. నేను ఇక్కడికి కాపురానికి వచ్చిన కొత్తలో సంత రోజు కొట్టు ముందు నాలుగు భాషలు ఒకేసారి వినిపించి నాకు తల తిరిగేది. అప్పుడు నాతో తెలుగులో మాట కలిపిన మొదటి మనిషి మంగు. దొర్ల తెగవాళ్ళ పిల్ల. ఇప్పపువ్వూ చింతపండూ తెచ్చి మాకు అమ్మేది. నోరు పెద్దది, పనిలో చెయ్యి ఇంకా చురుకు. తల్లి పోయేనాటికి తమ్ముడు జోగ ఇంకా పాకుతున్నాడట. తనూ చిన్నపిల్లే అయినా వాణ్ణి చంకన వేసుకునే పొలం పనికీ అడవికీ తిరిగింది. ఎవరితో గొడవ వచ్చినా చివరికి అక్కడికే వచ్చేది. తల్లి లేని పిల్లవాణ్ణి సాకిన దాన్ని, నాకు నువ్వేం చెప్తావు, అనేది. ఆ మాట ముందు ఎవరూ నిలబడలేకపోయేవాళ్ళు.

నిరుటి ఎండాకాలం మంగు కూతురు పార్వతి కొడుక్కి జ్వరాలు మొదలయ్యాయి. వాడి పేరు బుధ్రాం. వానలు వెనక పట్టాక పుట్టాడు, చలికాలమంతా బాగానే ఉన్నాడు. ఇప్పపువ్వు రాలే రోజులు వచ్చాక మధ్యాహ్నానికల్లా ఒళ్ళు పెనంలా కాలేది. రాత్రికి దానంతట అదే తగ్గేది. మా దగ్గర జ్వరం అంటే మలేరియానే. ఇంకో జ్వరం ఉంటుందని ఎవరూ అనుకోరు. ఊళ్ళో ఆరోగ్యం చూసే మితానిన్ వచ్చి వేలు పొడిచి పట్టీ మీద రక్తం చుక్క వేసి చూసింది. మలేరియా లేదంది. మళ్ళీ చూసింది, మళ్ళీ లేదంది. పట్టీలే పాడయ్యాయని మంగు తేల్చేసి, చలిజ్వరానికి చేసినట్టే బిడ్డకి గొంగడి కప్పి, పొయ్యి ఉన్న గదిలో పడుకోబెట్టింది. ఆ సాయంత్రం వాడికి ఫిట్స్ వచ్చాయి. మా ఆయన ఫ్యాను కింద నుంచి లేచి జీపు తీశాడు.

సరిహద్దు దాటి భద్రాచలం వైపు ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడ పిల్లల డాక్టరు సాయిశ్రీ అనే చిన్న వయసు అమ్మాయి. ఆమె మందు జోలికి పోకుండా ముందు గొంగడి లాగేసింది. బట్టలన్నీ విప్పించి తడిగుడ్డ వేసి ఫ్యాను కింద పడుకోబెట్టింది. కాసేపట్లో వాడి ఒళ్ళు చల్లబడి, కళ్ళు తెరిచి పార్వతిని వెతుక్కున్నాడు. జ్వరం మందు లేకుండా జ్వరం దిగడం నేను అదే మొదటిసారి చూడటం. మాకు సంతోషమైంది కానీ డాక్టరు మొహంలో సంతోషం లేదు. వాడి తల మీది పలచటి జుట్టు వేళ్ళతో తాకి చూసింది. కళ్ళ చుట్టూ ముడతలు పడిన పొడి చర్మం చూసింది. చిగుళ్ళు తడిమింది. బిడ్డకి ఎప్పుడైనా చెమట పట్టడం చూశావా అని పార్వతిని అడిగింది. పార్వతి ఆలోచించి లేదంది. అది మంచిదే అనుకుందట, పిల్లవాడు ఎప్పుడూ శుభ్రంగా ఉన్నాడని.

మీ ఇంట్లో ఇలాంటి మగవాళ్ళు ఎవరైనా ఉన్నారా, పళ్ళు తక్కువ, జుట్టు తక్కువ, ఎండకి ఆగలేనివాళ్ళు, అని డాక్టరు అడిగింది. నేను మంగు వైపు చూశాను. మంగు బిడ్డ బట్టలు చేతిలో నలుపుతూ, తలెత్తకుండా, తమ ఇంట్లో అలాంటివాళ్ళెవరూ లేరంది.

డాక్టరు ఓపికగల మనిషి. బల్ల మీద ఒక తడిగుడ్డ పరిచి చెప్పడం మొదలుపెట్టింది. కడుపులో పడ్డ కొత్తలో బిడ్డ అంటే మూడు పొరలే అంది. లోపలి పొర పేగులూ ఊపిరితిత్తులూ అవుతుంది. నడిమి పొర ఎముక, కండ, రక్తం, గుండె. అన్నిటికన్నా పైపొర చేసే పనులు వింటే ఆశ్చర్యపోతారంది. గుడ్డ మధ్యలో రెండు వేళ్ళతో మడత లేపి, ఆ మడత అంచులు రెండూ కలిపి, గొట్టంలా చేసి కిందికి నొక్కింది. పైపొర నడుమ ఇలా మడత పడి, గొట్టంలా మూసుకుని, లోపలికి దిగిపోతుంది. దాని ముందు భాగం ఉబ్బి మెదడవుతుంది, మిగిలింది వెన్నుపాము. ఆ మూసుకున్న చోట అంచుల్లో ఉన్న కణాలు కొన్ని విడిపోయి ఒళ్ళంతా నడుచుకుంటూ పోయి చర్మానికి రంగు ఇస్తాయి, మొహంలో ఎముకలు కడతాయి. పైన మిగిలిన పొర బిడ్డని కప్పే చర్మం అవుతుంది.

ఆ చర్మం కూడా ఊరికే ఉండదంది. అక్కడక్కడ దళసరి అయి, చిన్న మొగ్గలా కిందికి దిగుతుంది. నోట్లో దిగిన మొగ్గ పన్ను. తల మీద దిగినది వెంట్రుక. ఒళ్ళంతా దిగినవి చెమట గ్రంథులు. కన్నీళ్ళు ఊరే గ్రంథులూ, తల్లి పాలు ఊరేవీ కూడా ఆ పొర నుంచే. ఎక్కడ దిగాలో, ఎంత లోతు దిగాలో పైపొరా కింది పొరా ఒకదానికొకటి కబురు చెప్పుకుంటాయి. వీడి ఒంట్లో ఆ కబుర్లలో ఒకటి అందడం లేదు. అందుకే జుట్టు సరిగా మొలవలేదు, పళ్ళు కొన్నే వస్తాయి, చెమట గ్రంథులు దాదాపు లేవు. లోపల పుట్టిన వేడి బయటికి పోయే దారి లేక ఎండ ఎక్కినప్పుడల్లా ఒళ్ళు కాలుతుంది. అది జ్వరం కాదు. గొంగడి కప్పితే ప్రాణం మీదికి వస్తుంది.

"బుర్ర మంచిగుంటదా?" అని పార్వతి అడిగింది.

మెదడు అంతకన్నా ముందే మూసుకుని లోపలికి వెళ్ళిపోయిందనీ, దానికి ఈ కబురుతో పని లేదనీ, వాడు చక్కగా చదువుకుంటాడనీ డాక్టరు చెప్పింది. లేని గ్రంథుల్ని మొలిపించే మందు మాత్రం ఇవ్వడానికి తన దగ్గర ఏదీ లేదంది. మొదటి రెండు మూడు ఎండాకాలాలు దాటిస్తే వాడే తన ఒళ్ళు తాను చూసుకుంటాడు. దాటించడమే కష్టం. కొందరు బిడ్డలు దాటరు. ఆ మాట ఆమె మెల్లగా చెప్పినా పార్వతి గట్టిగా ఏడ్చింది.

తర్వాత డాక్టరు పార్వతి నోరు తెరిపించి చూసింది. రెండు పళ్ళు పుట్టుకతోనే లేవు. మంగు నోట్లో ఒక పన్ను మేకులా సన్నగా ఉంది. అది నేను రోజూ చూసేదే. మంగుని వెనక్కి తిరగమంది. దారంతా ఉక్కలో బిడ్డని పట్టుకుని కూర్చున్న మనిషి, రవిక తడిసి ముద్దవ్వాలి. వీపు మీద చారలు చారలుగా కొన్నిచోట్లే తడి ఉంది, మిగతా అంతా పొడి. మీ చర్మంలో కొంత మేర గ్రంథులున్నాయి, కొంత మేర లేవంది డాక్టరు. ఇది తల్లుల నుంచి వస్తుంది, ఆడవాళ్ళలో కొంచెమే కనిపిస్తుంది, మగపిల్లల్లో మొత్తం బయటపడుతుంది. ఊళ్ళో అందరి వీపులూ కొలిచిన మంగు తన వీపు గురించి ఆ రోజు విన్నది. ఆమె గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

"ఉన్నడు డాక్టరమ్మా. నాకో తమ్ముడున్నడు."

ఇందులో మీ తప్పేమీ లేదమ్మా, ఎవరి చేతిలోనూ ఉండే పని కాదిది, అని డాక్టరు ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"వీని సంగతి కాదమ్మా" అంది మంగు.

తిరుగు ప్రయాణంలో పార్వతి బిడ్డని హత్తుకుని నిద్రపోయింది. మంగు నా పక్కన కూర్చుని జోగ గురించి చెప్పింది. సగం నాకు తెలుసు, సగం తెలియదు. చిన్నప్పుడు వాడికీ ఇలాగే ఒళ్ళు కాలేదట. వాడికీ గొంగళ్ళు కప్పి, మీద తను పడుకుని కదలకుండా అదిమిపట్టేదట. వాడు గిలగిల కొట్టుకుని, విడిపించుకుని వాగుకి పరిగెత్తేవాడు. జ్వరంలో నీళ్ళలో దిగుతావా అని వాగు నుంచి ఈడ్చుకొచ్చి కొట్టేదట. "నా ప్రేమంత గట్లుండె సావుకారమ్మా" అంది.

జోగ నాకు బాగా గుర్తు. పలచటి జుట్టు, నోట్లో నాలుగు సూది పళ్ళు. పిల్లలు వాణ్ణి తాత అని పిలిచేవాళ్ళు. తునికాకుకి అందరితో పాటే వెళ్ళేవాడు, కాసేపటికి మాయమై వాగులో మెడ దాకా మునిగి కనిపించేవాడు. సాయంత్రం మోపుతో వచ్చినా చొక్కా పొడిగా ఉండేది. దున్నపోతు అని మంగు తిట్టేది. ఎవరో కోసిన ఆకు ఎత్తుకొచ్చాడని నలుగురిలో అనేది. వాడు నవ్వేసేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఇంకా ఒళ్ళు మండేది.

ఇక విత్తనాల పండుగ సంగతి. విత్తనం చల్లే ముందు మగవాళ్ళు విల్లంబులతో అడవికి పోతారు. ఇప్పుడు వేట పేరుకే, అయినా పోవడం పోవడమే. వట్టి చేతులతో తిరిగొచ్చినవాడికీ, సగం దారిలో వెనక్కి వచ్చినవాడికీ ఆడవాళ్ళు పొలిమేరలో కాపు కాసి పేడనీళ్ళు పోస్తారు. పాటలు, నవ్వులు, తిట్లు. పోసేది వదినెలూ మరదళ్ళే. ఆ వరసవాళ్ళు పోస్తే అది సరసం, మర్నాటికి ఎవరూ మనసులో పెట్టుకోరు. అక్కగానీ తల్లిగానీ ఆ కుండ ముట్టుకోరు. ముట్టుకుంటే అది సరసం కాదని అందరికీ తెలుసు.

ఒక ఏడు పండుగ వేళకి జోగకి బుధ్రి అనే పిల్లతో పెళ్ళి మాట నడుస్తోంది. పిల్ల తరఫు వాళ్ళు పండక్కి వచ్చి ఉన్నారు. జోగ అందరితో పాటు అడవికి వెళ్ళి, ఎండ ముదిరేసరికి ఆగలేక, పొద్దు వాలకముందే ఒక్కడే తిరిగొచ్చాడు. చొక్కా పొడిగా ఉంది. మరదలు వరస ఆడపిల్లలు కుండలు పట్టుకుని కిచకిచలాడుతుంటే మంగు వాళ్ళ మధ్య నుంచి దూసుకొచ్చి ఒకదాని చేతిలో కుండ లాక్కుని, వాడి నెత్తిన గుమ్మరించింది. నేను అక్కడే ఉన్నాను. నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"చెమట పట్టని ఒళ్ళురా నీది. తినేటందుకే పుట్టినవ్. నీకు పిల్లనిచ్చేటోడు కళ్ళు లేనోడై ఉండాలె" అంది మంగు.

బుధ్రి వాళ్ళు ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు. జోగ ఎండాకాలం పోకముందే ఊరు విడిచాడు. పార్వతి అప్పటికి నడక నేర్చుకుంటున్న పిల్ల. మేనమామ అలిగి కొంటాలో ఉన్నాడని మాత్రమే దానికి తెలుసు. దాని పెళ్ళికి కూడా ఆయన రాలేదు, ఎవరి చేతనో చీర పంపాడు.

ఇంత తెలిశాక మర్నాడే కొంటా వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. ఇవాళ రేపు అంటూ నెట్టుకొచ్చింది. ఎండలు ముదురుతున్నాయి. పార్వతి భయంతో బిడ్డ మీద తడిగుడ్డ తీయకుండా ఉంచేది. వాడు వణికిపోయి, ముక్కు మూసుకుపోయి పాలు తాగేవాడు కాదు. గుడ్డ తీస్తే ఒళ్ళు కాలేది. ఎప్పుడు తడపాలో ఎప్పుడు ఆపాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషి కొంటాలో ఉన్నాడు. నాకు కోపం వచ్చింది. నీ మొహం దాచుకోవడానికి బిడ్డని చంపుకుంటావా అని అడిగేశాను. మంగు మా కొట్టు అరుగు మీద కూర్చుని ఏడ్చింది. జోగ తిడితే పడగలననీ, తిట్టకుండా ఎప్పట్లా నవ్వితే ఏం చేయాలో తెలియదనీ అంది.

జీపు నేనే తీయించాను. కొంటాలో శబరి నది ఒడ్డున, హైవే పక్కన లారీలు కడిగే చోట జోగ పని చేస్తున్నాడు. పైపు పట్టుకుని లారీ కింద నుంచి బయటికి వచ్చాడు, తల నుంచి కాలి దాకా నీళ్ళు కారుతున్నాయి. తన ఒంటికి సరిపోయే పని తనే వెతుక్కున్నాడు. అక్కని చూసి ఆగాడు. తర్వాత పార్వతి చేతిలో బిడ్డని చూశాడు. ఏమీ అడగలేదు. తడి చెయ్యి తుడుచుకుని వాడి మెడ వెనక తాకి, చేతుల్లోకి తీసుకుని నీటి తొట్టి పక్కన వేపచెట్టు నీడన కూర్చున్నాడు. నెత్తికి చుట్టుకున్న గుడ్డ విప్పి తడిపి గట్టిగా పిండి, ముందు మెడకి, తర్వాత చంకలకి అద్దాడు. అద్దినచోట నోటితో మెల్లగా ఊదాడు. నీళ్ళు ఎక్కువ పెట్టొద్దు బిడ్డా, తడి ఆరుతుంటేనే చల్లబడేది, అని పార్వతికి చూపించాడు. పాదాలు వెచ్చగా ఉండాలి, అవి చల్లబడితే ఆపెయ్యాలి. బుధ్రాం ఏడుపు ఆపి జోగ నోట్లో సూది పళ్ళ కేసి చూస్తున్నాడు.

పాలివ్వడానికి పార్వతి చెట్టు అవతలికి వెళ్ళింది. అప్పుడు మంగు నేల మీద కూర్చుని డాక్టరు చెప్పిందంతా తనకి అర్థమైనట్టు చెప్పింది. మడిలో నారు కొన్నిచోట్ల నాటుకోనట్టు, కడుపులోనే జోగ ఒంట్లో ఆ మొగ్గలు దిగలేదని చెప్పింది. తను కప్పిన గొంగళ్ళు, కొట్టిన దెబ్బలు, పేడనీళ్ళు అన్నీ వరసగా చెప్పింది. ఏదీ తగ్గించుకోలేదు.

"తెలియక చేసిన అనను. అడిగితే నువ్వే చెప్పేటోడివి. నేను అడగలే" అంది.

జోగ తొట్టిలోకి చూస్తూ ఉన్నాడు. "పేడనీళ్ళకు నేను ఊరిడిసి పోలే అక్కా" అన్నాడు. "ఆ ఎండల అవి సల్లగనే ఉండె."

వాడు పోయింది ఆ రోజు మంగు అన్న మాటలకని మా ఇద్దరికీ అర్థమైంది. మంగు కొంగు నోట్లో కుక్కుకుంది.

పార్వతి తిరిగొచ్చి, బిడ్డని ఒళ్ళో వేసుకుని, మామ చేసినట్టే గుడ్డ అద్దుతూ ఊదడం నేర్చుకుంటోంది. బిడ్డ నవ్వేసరికి దానికి ధైర్యం వచ్చింది. ఈ ఎండలు పోయేదాకా వారానికోసారైనా ఊరికి రమ్మని మామని అడిగింది. అతను వస్తానన్నాడు. అది సంతోషంగా ఇంకో మాట అడిగింది.

"మామా, నువ్వు చిన్నగున్నప్పుడు నీకు ఇట్ల ఎవలు చేసేది?"

జోగ బిడ్డ పాదాలు తాకి చూస్తూ, తల తిప్పకుండా, "మీ అమ్మనే" అన్నాడు.

పార్వతి తల్లి వైపు తిరిగింది. తల్లి మీద అంత ప్రేమ దాని కళ్ళల్లో నేను మునుపెన్నడూ చూడలేదు. మంగు ఊరుకుంటే బాగుండునని నేను గట్టిగా కోరుకున్నాను. మేము కొట్టువాళ్ళం, ఎవరైనా మనసారా ఇచ్చింది పుచ్చుకోవడం మాకు అలవాటు. ఆ అబద్ధం అతను మనసారానే ఇచ్చాడు.

"కాదు బిడ్డా" అంది మంగు. "నేను గొంగడి కప్పి పట్టుకున్న. ఇడిపించుకొని వీడే బతికిండు."

పార్వతి చెయ్యి బిడ్డ మీద ఆగిపోయింది. అమ్మని చూసింది, మామని చూసింది. హైవే మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. జోగ పార్వతి చేతిలోంచి గుడ్డ తీసుకుని అక్కకి అందించాడు.

"ఆరిపోయింది. తడిపి తే అక్కా" అన్నాడు.

మంగు లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి, మాకు వీపు తిప్పి అక్కడే ఉండిపోయింది. గుడ్డ తడపడానికి అంతసేపు పట్టదు. మేమెవరమూ ఆమెని పిలవలేదు.